మానవ శాస్త్రము: పై తరగతుల విద్య



ప్రభుత్వోద్యోగుల ఇండ్లలో ఏటేట వేసవికాలమున ఒక చర్చ సాగుచుండును. ఇంటర్మీడియట్ ముగించిన కుమారుడు గాని కుమార్తె గాని ఇక నేమి చదువవలెననునదే ఆ చర్చ. ఇంజనీరింగు, వైద్యము, వాణిజ్యము అను పేర్లు వినబడినపుడు పెద్దలకు వివరణ మక్కరలేదు. బిడ్డ మానవ శాస్త్రము చదివెదనన్నచో మాత్రము ఇల్లు ఒక్క నిమిషము నిశ్శబ్దమగును. పిదప రెండు ప్రశ్నలు పుట్టును. అందేమి నేర్పుదురు? అది దేనికి పనికివచ్చును? ఈ రెండును న్యాయమైన ప్రశ్నలే. అయితే వీనికి సమాధానము ఆ విద్య యొక్క మొదటి సంవత్సరమున దొరకదు. ఆనర్సు విద్యలోని పై తరగతులలో దొరకును. ఆ తరగతులలో విద్యార్థి యేమి నేర్చుకొనునో, ఏమి విడిచిపెట్టునో చెప్పుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

భారతదేశమున ఈ శాస్త్రమునకు విశ్వవిద్యాలయములలో శతాబ్ది చరిత్ర కలదు. 1920లో కలకత్తా విశ్వవిద్యాలయమున అశుతోష్ ముఖర్జీ ప్రోత్సాహముచే మానవ శాస్త్ర శాఖ వెలసినది. అచట బోధించుటకు కొచ్చిన్ సంస్థానపు జాతులను గూర్చి గ్రంథములు వ్రాసిన ఎల్.కె. అనంతకృష్ణ అయ్యర్‌ను రావించిరి. 1945లో భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ ఏర్పడెను. దానికి బి.ఎస్. గుహ మొదటి అధిపతి. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున శాఖ స్థాపింపబడెను. తెలుగునాట ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, హైదరాబాదు విశ్వవిద్యాలయములందును ఈ శాస్త్రమునకు శాఖలు కలవు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి నాలుగేండ్ల పట్టవిద్య వచ్చిన పిదప, నాలుగవ సంవత్సరమున పరిశోధన చేయుటకును అవకాశము కలిగినది.

మొదటి సంవత్సరమున విద్యార్థికి పేర్లు నేర్పుదురు. శారీరక మానవ శాస్త్రము, పురావస్తు మానవ శాస్త్రము, భాషా మానవ శాస్త్రము, సామాజిక సాంస్కృతిక మానవ శాస్త్రము అని నాలుగు శాఖలు. తెగ, కులము, గోత్రము, వంశము అని విభాగములు. మాతృవంశీయము, పితృవంశీయము అని వ్యవస్థలు. విద్యార్థి వీని నిర్వచనములను వల్లించి పరీక్షలో వ్రాయును. ఈ దశ అవసరమే. అక్షరములు రానివానికి గ్రంథ పఠనము కుదరదు గదా! కాని ఈ దశతో ఆగిపోయినవాడు శాస్త్రమును నేర్చినవాడు కాడు. పై తరగతులలో ఆచార్యుడు ఆ పేర్లనే ఒక్కొక్కటిగా మరల బల్లమీద పెట్టి వేరు ప్రశ్న లడుగును. ఈ పేరు ఎవరు పెట్టిరి? దేనిని కొలిచి పెట్టిరి? పేరు పెట్టబడినవారికి దానివలన ఏమి సంభవించినది? ఈ మూడు ప్రశ్నలే పై తరగతుల విద్యకు మూలకందము.

మొదట శరీర లక్షణముల సంగతి చూడదగును. 1901 జనాభా లెక్కల కమిషనరైన హెర్బర్ట్ రిస్లీ జనుల ముక్కులను కొలిపించి, ముక్కు వెడల్పు పెరిగిన కొలది సంఘమున కులస్థానము తగ్గునను సిద్ధాంతము చేసెను. మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు అధిపతియైన ఎడ్గర్ థర్‌స్టన్ కూడ కొలత పరికరములతో అనేకుల తలలను, ముక్కులను కొలిచెను. 1909లో ఆయన కె. రంగాచారి సహాయముతో దక్షిణ భారత కులములను, తెగలను గూర్చి ఏడు సంపుటముల గ్రంథమును ప్రకటించెను. అందు తెలుగు కులముల వృత్తాంతము లెన్నో కలవు. నేటికిని ఆచారములకై ఆ సంపుటములను తిరుగవేయని పరిశోధకు డరుదు.

పై తరగతి ప్రయోగశాలలో విద్యార్థి తన సహాధ్యాయి తలను అట్టి పరికరముతోనే కొలుచును. కొలత తీయుట కష్టము కాదు. ఆ అంకె దేనిని చెప్పదో తెలిసికొనుట కష్టము. 1932లో జి.ఎస్. గుర్యే ఆ పాత అంకెలనే మరల పరిశీలించి, రిస్లీ సూత్రము ఉత్తర హిందూస్థానమున కొంత సరిపోయినను తక్కిన ప్రాంతములలో నిలువదని చూపెను. అంతకు ముందే అమెరికాలో ఫ్రాంజ్ బోయాస్ వలస వచ్చినవారిని, వారి సంతానమును కొలిపించి 1911 ప్రాంతమున ఫలితములు వెల్లడించెను. స్థిరమని లోకము నమ్మిన తల ఆకారము కూడ క్రొత్త దేశమున పుట్టిన బిడ్డలలో మారుచున్నదని తేలెను. 1972లో రిచర్డ్ లెవంటిన్ రక్తమునందలి జన్యు లక్షణములను లెక్కించి, మానవులలోని వైవిధ్యములో ఇంచుమించు 85 శాతము ఒక్కొక్క జనసముదాయము లోపలనే యున్నదని నిరూపించెను. అనగా జాతికి జాతికి నడుమ గల భేదముకంటె ఒకే ఊరి ఇరువురి నడుమ గల భేదమే పెద్దది. ఈ మూడు పరిశోధనలను వరుసగా చదివిన విద్యార్థి కొలతను తిరస్కరింపడు. కొలతకు మించిన మాట చెప్పుటకు మాత్రము జంకును.

రెండవది బంధుత్వము. పరభాషా ప్రాంతములలో నివసించు తెలుగువారికి ఈ పాఠము ఇంటి గుమ్మముననే కలదు. ఢిల్లీ కాలనీలో పొరుగింటి ఉత్తరాది గృహిణి, తెలుగింట మేనమామ కూతురితో వివాహము నిశ్చయమైనదని విన్నచో ఆశ్చర్యపడును. ఆమె భాషలో మేనమామ కూతురు చెల్లెలే. తెలుగు వానికి ఆమె మరదలు. తల్లి తోబుట్టువు మామ, పిల్లనిచ్చినవాడును మామయే. తండ్రి తోబుట్టువు అత్త, భార్యను కన్న తల్లియు అత్తయే. పినతల్లి కూతురు మాత్రము చెల్లెలు. తెలుగు వరుసల పిలుపులలోనే వివాహ నియమము ఇమిడియున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టము దగ్గరి బంధువుల వివాహములను నిషేధించుచునే, ఆచారమున్నచోట దానిని మన్నించినది. ఈ దక్షిణ, ఉత్తర భేదమును ఇరావతీ కార్వే 1953లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించినది.

ఈ సంగతి ఇంకొక మలుపు తిరుగును. 1871లో లూయిస్ హెన్రీ మోర్గన్ అను అమెరికా న్యాయవాది ప్రపంచ భాషలలోని బంధుత్వ పదములను పట్టికలుగా కూర్చి ప్రకటించెను. ఆ పట్టికలలో తమిళ, కన్నడములతో పాటు తెలుగును కలదు. తాను బాగుగా నెరిగిన ఇరోక్వా జనుల వరుసలును, దక్షిణ భారతీయుల వరుసలును ఒక్క అచ్చున పోసినట్లుండుట చూచి ఆయన విస్మయమందెను. రెండుచోట్లను తండ్రి సోదరుడు తండ్రి వంటివాడే. తల్లి సోదరి తల్లి వంటిదే. వారి బిడ్డలు సోదర సోదరీలే. కావున అమెరికా మూలవాసులు ఆసియానుండి వచ్చినవారని చెప్పుటకు ఇది సాక్ష్యమని ఆయన తలచెను. మొదటి సంవత్సరపు విద్యార్థి ఇచ్చట ఆగి సంతోషించును. పై తరగతి విద్యార్థి ముందుకు సాగి, ఇరోక్వా వరుసలలో మేనరికపు నియమము లేదని తెలిసికొనును. పదముల అమరిక పోలినంత మాత్రమున వాని వెనుకనున్న జీవితము పోలదు. అమెరికా మూలవాసుల పూర్వులు ఆసియానుండి వచ్చిరనుట వేరు ఆధారములచే నేడు స్థిరపడినను, వరుసల పోలిక దానికి సాక్ష్యము కాజాలదు. సరియైన ముగింపునకు కూడ సరికాని దారి యుండునని తెలియుట ఈ విద్య ఇచ్చు లాభములలో నొకటి.

మూడవది ప్రభుత్వమునకును ఈ శాస్త్రమునకును గల సంబంధము. కార్యాలయములలో పనిచేయువారికి ఇది మిక్కిలి సన్నిహితమైన విషయము. 1901 జనాభా లెక్కలలో కులములను సాంఘిక గౌరవమునుబట్టి వరుసపరుపబూనగా, తమను పై వరుసలో చేర్పవలెనని కులసంఘములు అర్జీల మీద అర్జీలు పంపినవి. లెక్కింపబోయిన గుమాస్తా ఆ లెక్కవలననే సంఘమును కదిలించెను. 1931 లెక్కలు నడిపిన జె.హెచ్. హట్టన్ తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మానవ శాస్త్రాచార్యుడయ్యెను. ఆ తరువాత దేశవ్యాప్తముగా జనాభా లెక్కలలో కులములన్నిటిని లెక్కించు పద్ధతి ఆగిపోయెను. రాబోవు లెక్కలలో మరల కులమును చేర్పవలెనని కేంద్ర ప్రభుత్వము 2025లో నిర్ణయించెను.

పేరు పెట్టుటవలన కలుగు హాని ఎంత దూరము పోగలదో చెప్పుటకు 1871 నాటి నేరస్థ తెగల చట్టము చాలును. వడ్రంగి కొడుకు వడ్రంగి యగునట్లే నేరస్థుని కొడుకు నేరస్థుడగునను ఊహ ఆ చట్టమునకు పునాది. 1911 చట్టము మద్రాసు రాష్ట్రమునకును వర్తించెను. ఎరుకల కుటుంబములను పోలీసు రిజిస్టరులలో వ్రాసికొని, వారిని సెటిల్‌మెంటులలో నుంచిరి. సాల్వేషన్ ఆర్మీ వారి ఆధ్వర్యమున నడచిన స్టూవర్టుపురము అట్టిదే. బుట్టలల్లి, ఉప్పు ధాన్యములు మోసి, సోది చెప్పి బ్రతుకువారు ఊరు కదలుటకు అనుమతి చీటీ అడుగవలసి వచ్చెను. 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. చట్టము పోయినను అపవాదు వెంటనే పోలేదు. ఈ పాఠము చదివిన విద్యార్థికి తన శాస్త్రము నిర్దోషి యను గర్వము మిగులదు. అది మిగులకపోవుటయే మేలు.

నాలుగవది క్షేత్ర పరిశోధన. విద్యార్థి గ్రంథాలయమునుండి లేచి జనులలోనికి పోవుటతో ఈ విద్యకు అసలు పరీక్ష ఆరంభమగును. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రానిస్లా మలినోవ్‌స్కీ పసిఫిక్ సముద్రములోని ట్రోబ్రియాండ్ దీవులలో జనుల నడుమ గుడారము వేసికొని, వారి భాష నేర్చి, దినచర్యను వ్రాసికొనెను. 1922లో ప్రకటితమైన ఆయన గ్రంథము తరువాతివారికి మార్గమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందముతో ఎస్.సి. దూబే హైదరాబాదు చెంతనున్న శామీర్‌పేటను పరిశీలించి 1955లో గ్రంథము వెలువరించెను. తెలంగాణములోని ఒక ఊరు అట్లు దేశదేశముల విద్యార్థులకు పాఠమయ్యెను.

పట్టవిద్యార్థికి తగిన దృష్టాంతము జోరా నీల్ హర్‌స్టన్ అను నల్లజాతి స్త్రీది. ఆమె న్యూయార్కులోని బర్నార్డు కళాశాలలో చదువుచు, బోయాస్ శిష్యురాలై, 1928లో పట్టము పొందెను. 1927లో జానపద కథలు సేకరించుటకు ఫ్లోరిడాకు, తాను పెరిగిన సీమకే పోయెను. కాని తన కళాశాల ఉచ్చారణతో, మర్యాదగా, కథ లేమైన తెలియునా అని అడిగినపుడు జనులు తెలియవని చెప్పి పంపిరి. రిక్తహస్తములతో మరలివచ్చెను. పిమ్మట వారితో కూర్చుండి, వారి పనులలో పాలుగొని, వారి మాట మాట్లాడిన తరువాత కథలు ప్రవాహమువలె వచ్చినవి. 1935లో ఆమె గ్రంథము వెలువడెను. తన ఊరివారే తనను పరాయిదానిగా చూచిరనునది ఆమె నేర్చిన మొదటి పాఠము. చదువు మనుష్యుని తనవారికి దూరము చేయగలదు. ఆ దూరమును గుర్తించి మరల దగ్గరకు నడచుట కూడ ఆ చదువు చేయవలసిన పనియే.

జ్ఞాపకము యొక్క విలువను ఎం.ఎన్. శ్రీనివాస్ కథ తెలుపును. ఆయన 1948లో మైసూరు చెంతనున్న ఒక గ్రామమున నివసించి పరిశోధించెను. దానికి రాంపుర మని మారుపేరు పెట్టెను. పదునెనిమిదేండ్లుగా సవరించి కూర్చుకొనిన నోట్సు మూడు ప్రతులును 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు నందు దుండగులు పెట్టిన నిప్పులో కాలిపోయినవి. మిత్రుల ప్రోత్సాహముచే ఆయన గ్రామమును మనస్సున తలచికొనుచు వ్రాసిన గ్రంథము 1976లో వెలువడెను. కాగితములు కాలినను మనుష్యులు కాలలేదు. అంకెలు పోయినచోట ముఖములు మిగిలెను. శ్రద్ధతో చూచినవానికే అట్టి సంపద మిగులును.

ఇక ఐదవది, అన్నిటికంటె బరువైనది: చూచినవాడు చూడబడినవారికి ఏమి ఋణపడియున్నాడు? అమెరికా మానవ శాస్త్రజ్ఞుల సంఘము 1971లో చేసికొనిన నియమావళిలో, పరిశోధకుని మొదటి బాధ్యత తాను పరిశీలించు జనులయెడలనే యని నిర్ణయించిరి. ఈ మాటకు తెలుగునాట జీవితరూపమిచ్చినవాడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్.

ఆయన ఆస్ట్రియా దేశీయుడు. 1939లో యుద్ధము ఆరంభమైనపుడు శత్రుదేశపు పౌరుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానము దాటి పోరాదను నిర్బంధమునకు లోనయ్యెను. ఆ నిర్బంధమే ఆయనకు క్షేత్రమయ్యెను. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కూడి నల్లమల చెంచులను, గోదావరి కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను దర్శించి 1943, 1945, 1948 సంవత్సరములలో గ్రంథములు ప్రకటించెను. గోండుల సీమలో భూమి పోయిన ఆవేదన తిరుగుబాటై, 1940లో కుమ్రం భీము జోడెన్‌ఘాట్ చెంత ప్రాణము లర్పించియుండెను. ఆ అశాంతికి కారణము లేవియో తెలుపుమని నిజాం ప్రభుత్వము ఆయనను కోరెను. కారణము గోండుల స్వభావమున లేదనియు, చేజారిన భూములలోను, అడవి అధికారుల ఆంక్షలలోను, వడ్డీ వ్యాపారుల పద్దులలోను కలదనియు ఆయన తేల్చెను. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాలయము ఏర్పడెను. గోండీ భాషలో వాచకములు సిద్ధమయ్యెను. సాగు చేసికొనుచున్న భూములకు పట్టా లిచ్చు పని సాగెను.

కథ ఇచ్చట సుఖాంతమైనచో విద్యార్థికి అంత ఉపయోగము లేకపోయెడిది. 1970 తరువాతి దశకమున ఆయన వృద్ధుడై మరల ఆ గ్రామములకు వచ్చి చూడగా, బయటివారు వచ్చి స్థిరపడి, గోండుల భూములనేకము చేతులు మారియుండెను. 1959 నాటి భూబదిలీ నిబంధనమును, 1970 నాటి కఠినమైన సవరణమును కాగితముపై నుండగనే ఇది జరిగెను. ఆ విషాదమును 1982లో వెలువరించిన గ్రంథమున ఆయన దాచక వ్రాసెను. 1987లో బెట్టీ హైదరాబాదున మరణింపగా మార్లవాయిలో సమాధి చేసిరి. 1995లో లండనులో మరణించిన ఆయన అస్థికలును తరువాత ఆ చెంతనే చేర్పబడినవి. చదువుటకు వచ్చినవారు అచటి మట్టిలో కలిసిపోయిరి. గ్రంథము వ్రాయుటతో ఋణము తీరదనియు, పట్టా వ్రాయుటతో న్యాయము ముగియదనియు ఆ చోటు చెప్పుచున్నది.

తండ్రి అడిగిన రెండవ ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. జీవనోపాధి సంగతి దాచరాదు. మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ, గిరిజన పరిశోధనా సంస్థలు, మ్యూజియములు, విశ్వవిద్యాలయములు, ప్రజారోగ్య పరిశోధనలు ఈ పట్టభద్రులకు దారులు. సివిల్ సర్వీసుల పరీక్షలో ఇది ఐచ్ఛిక విషయముగా కలదు. అయినను ఉద్యోగములు విస్తారములు కావు. వేతనము నొక్కదానినే కోరువానికి ఇతర విద్యలు సుగమములు. బిడ్డకు ఈ నిజమును ముందుగా చెప్పుట పెద్దల ధర్మము.

కాని ప్రయోజనము ఉద్యోగముతో ముగియదు. 1985లో ఆరంభమైన భారత ప్రజల సర్వేక్షణ కె.ఎస్. సింగ్ నేతృత్వమున నడచి 4,635 సముదాయములను గుర్తించినది. ఈ దేశపు ఫైళ్లలో ప్రతిదినము ఈ వేలకొలది పేర్లలో ఏదో యొకటి ఒక గడిలో వ్రాయబడుచునే యుండును. ధ్రువపత్రము కావచ్చును, నష్టపరిహారపు జాబితా కావచ్చును, విద్యార్థి వేతనపు దరఖాస్తు కావచ్చును. గడిలో పేరు వ్రాయు చేయి ఆ పేరు వెనుక నున్న చరిత్రను ఎరిగియున్నచో, సందేహము వచ్చినచోట ఒక్క క్షణము ఆగును. ఆ క్షణమున ఒక కుటుంబమునకు న్యాయము జరుగవచ్చును. అది తెలియని చేయి ఎంత నిజాయితీ గలదైనను, 1871 నాటి రిజిస్టరును మరల వ్రాయగలదు.

సభాసదులారా! మానవ శాస్త్రపు మొదటి తరగతి మనుష్యులకు పేర్లు పెట్టుట నేర్పును. పై తరగతులు ఆ పేరునుండి మరల మనుష్యునివరకు నడచుట నేర్పును. ఏ ఇంటనైనను ఒక బిడ్డ ఈ చదువు కోరినచో, ఆ దారి పొడుగని చెప్పి, నిస్సారము కాదని కూడ చెప్పి పంపవలెను.